సున్నా అంటే తెరిచినట్టు

అక్టోబర్ 7, సోమవారం

నాడీన్ ఆస్టర్ ఇవాళ ఆఫీసుకొచ్చింది. గొడుగు లేకుండా, తడిసి ముద్దయి. హిల్స్‌బరోలో గొడుగు పట్టుకు తిరిగేది బయటి ఊరివాళ్లే కాబట్టి అక్కడే నాకు సగం నచ్చింది. మిగతా సగం ఆవిడ నోరు తెరిచాక నచ్చింది.

"మీ మీద నాకు నమ్మకం లేదు. అందుకే మీ దగ్గరికొచ్చాను," అంది.

గ్రేడీ నవ్వాడు. కంపెనీ యజమాని కాబట్టి ఖాతాదారులు ఏమన్నా నవ్వుతాడు. ఆవిడ నవ్వలేదు. మొగుళ్ల దెబ్బలకు తాళలేక పారిపోయి వచ్చిన ఆడవాళ్లను దాచే ఇళ్లు ఒరెగాన్ అంతటా నడుపుతుంది వాళ్ల సంస్థ. ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో చూసుకునే కంప్యూటర్ పని మొత్తం ఈవిడదే. ఇదివరకు వేరే కంపెనీ సర్వర్ మీద పెట్టుకున్నారు. అక్కడ పనిచేసేవాడెవడో లోపలికి తొంగి చూశాడు. ఎవడో తేలలేదు. తెల్లారేసరికి ఒక దాపుటింటి ముందు ట్రక్కు ఆగి ఉంది. తల్లినీ పిల్లనీ వెనక గుమ్మంలోంచి తీసుకెళ్లి వేరే ఊరు మార్చారు.

"సర్వర్ ఎవరిదో వాళ్లు లోపలున్నదంతా చదవగలరు. అవునా, కాదా?" అని నన్నే అడిగింది.

"మామూలుగా అయితే అవును. ఒక పెద్ద యంత్రాన్ని గదులుగా విడగొట్టి అద్దెకిస్తాం. ఆ గదే వర్చువల్ మెషీన్. గదులు పంచేది హైపర్‌వైజర్, అది మా చేతిలో ఉంటుంది. కానీ మీకివ్వబోయేదానికి తాళం ప్రాసెసరే వేస్తుంది. తాళం చెవి ఆ చిప్ లోపలే ఉంటుంది. మేం చూసినా చెత్తే కనపడుతుంది."

"వేశారని నాకెలా తెలుస్తుంది?"

ఈ ప్రశ్న అడిగే ఖాతాదారు కోసం ఎన్నేళ్లుగా ఎదురుచూస్తున్నానో. గది సిద్ధం కాగానే చిప్ ఒక కొలత చెబుతుంది, ఏం ఎక్కించామో, ఏ షరతుల మీద ఎక్కించామో అంతా కలిపి. దాన్ని ఆవిడ తన దగ్గర లెక్కకట్టుకున్నదానితో పోల్చుకుంటుంది. సరిపోతేనే తన డేటా తెరిచే రహస్యం పంపిస్తుంది. సరిపోకపోతే పంపదు.

"అయితే కొలిచే ప్రోగ్రామ్ నేను రాసుకుంటాను. మీది వద్దు," అంది.

నిజం చెప్పాలంటే లేచి కావలించుకుందామనిపించింది.

ఆ పాత కంపెనీలో మా సర్వర్ల గది చూసుకునే రాయిస్ కూడా పనిచేశాడు. అయితే ఏం, ఈ ఊళ్లో అక్కడ పనిచెయ్యనివాళ్లెవరు. నేనూ చేశాను.


అక్టోబర్ 9, బుధవారం

పొద్దుటి నుంచీ యంత్రాన్ని నడిపించే కెర్నెల్‌ది ఒకటే మాట: చెల్లని విలువ. మొదటి కమాండ్‌కీ అదే, రెండోదానికీ అదే. ఏ విలువ, ఎందుకు చెల్లలేదు, చెప్పదు. మధ్యాహ్నం గుర్తొచ్చింది, చిప్ చెప్పే అసలు కారణం పక్క గడిలో పెడుతుందని. ఆ గడి చదివే లైను రాయడమే మర్చిపోయాను. ఇరవై ఏళ్ల అనుభవం.

తప్పు వరుసలో ఉంది. ముందు "మొదలుపెట్టు" అనాలి, అప్పుడే షరతులు చెప్పాలి. తర్వాత మెమరీ పేజీలు తాళంలోకి ఎక్కించాలి. తర్వాత కొలత అడగాలి. తర్వాత రహస్యం అందించాలి. చివర "ముగించు." నేను మొదలుపెట్టకుండానే పేజీలు ఎక్కిస్తున్నాను.

షరతుల్లో డీబగ్ బిట్, అంటే తప్పులు వెతకడానికి లోపలికి చూడనిచ్చే మీట, సున్నాగానే ఉంచాను. ఒకటి పెడితే మూసినట్టు, సున్నా అంటే తెరిచినట్టు. తెరిచి ఉంటే చిప్పే మనకోసం తాళం తీసి లోపలిది చూపిస్తుంది. పరీక్షల్లో అది లేకపోతే గుడ్డి బతుకే. ఎవరు కనిపెట్టారో గానీ తిరకాసు వ్యవహారం, మర్చిపోయినవాడి గది తెరుచుకునే ఉంటుంది.

రాయిస్ మేరియన్‌బెర్రీ పళ్లు పెట్టి కాల్చిన పై తెచ్చాడు. వాళ్లమ్మ నేర్పిందట. మూడొంతులు నేనే తిన్నాను.


అక్టోబర్ 10, గురువారం

వాన. రైలు ఆగిపోతే రాయిస్ తన ట్రక్కులో దింపాడు. వెనక సీట్లో పాప కుర్చీ ఇంకా అలాగే ఉంది. అడగకూడదనుకుంటూనే అడిగాను. భార్య మార్నీ ఫిబ్రవరిలో పాపను తీసుకుని వెళ్లిపోయిందట, ఒక్క ముక్క చెప్పకుండా.

"ఫోన్ నంబరు కూడా మార్చేసింది. అంత పాపం ఏం చేశానంటావు, కోరీన్?"

పాపం మనిషి. ఎంత మెత్తగా మాట్లాడతాడో.


అక్టోబర్ 15, మంగళవారం

పరీక్ష కోసం పుట్టించిన గది లేవబోయి బిగుసుకుపోయింది. డీబగ్ తలుపు తెరిచి లోపలికెళ్లి చూశాను. డిస్క్ నుంచి వచ్చేవి అందరికీ కనపడే పేజీల్లో పడాలి, ఇది వాటిని తాళం వేసిన పేజీల్లో వెతుక్కుంటోంది. అక్కడుండేది చెత్త. చెత్త చదివి బిగుసుకుపోయింది. నాలుగు లైన్లు మార్చాను, లేచి కూర్చుంది. నేను గంతులెయ్యడం ఒక్కటే తక్కువ.

రాయిస్ వెనకే నిలబడి చూస్తున్నాడు. సర్వర్ల గది కాపలా అతనిదే కాబట్టి ఇదంతా తెలియాలి.

"ఇలా ఏదైనా చదవొచ్చా? లోపల ఉన్నదేదైనా?"

"బిట్ తెరిచి ఉంటే ఏదైనా."

"తర్వాత తెరవొచ్చా?"

"కుదరదు. మొదటి కమాండ్‌లో ఏం చెబితే అదే, గది చచ్చేదాకా. మార్చాలంటే చంపి మళ్లీ పుట్టించాలి."

"మరి నాకు కావాల్సిన మాట ఎక్కడుందో ఎలా దొరుకుతుంది?"

చూపించాను. ఓ పేరు పెట్టి వెతికి చూపించాను. రెండోసారి కీబోర్డు అతనికే ఇచ్చాను. నేనేం చెప్పినా ఇంత శ్రద్ధగా విన్నవాళ్లు లేరు. నా మాజీ భర్త అయితే "కెర్నెల్" అన్న మాట దగ్గరే టీవీ పెట్టేసేవాడు.


అక్టోబర్ 17, గురువారం

గ్రేడీతో పోట్లాట.

"28న నాడీన్ వాళ్లను ఎక్కిస్తున్నాం. మొదటి వారం డీబగ్ తెరిచే ఉంచు."

"అప్పుడు తాళం ఎందుకు? గోడ మీద తాళం బొమ్మ వేసుకోమను."

"మొదటి వారంలోనే బిగుసుకుపోతే నువ్వేం చేస్తావు? బయట నిలబడి ప్రార్థన చేస్తావా? వారం అయ్యాక చంపి మళ్లీ మూసి పుట్టిద్దువుగాని. రాయిస్ చెప్పింది బుద్ధున్న మాట."

"రాయిస్ చెప్పాడా?"

"ఎవరు చెబితే ఏం? మొన్న నీ గది బిగుసుకుపోలేదూ?"

బిగుసుకుపోయింది. తెరిచి ఉండబట్టే బాగుచేశాను. అది అబద్ధం కాదు. దాపుటిళ్ల వాళ్లకు ఏ అర్ధరాత్రో ఆ సర్వర్ పడిపోతే అదీ ప్రమాదమే. వారమే కదా.

"నాడీన్‌కు చెప్పాలి," అన్నాను.

"చెబుతాలే."

చెబుతాడు.


అక్టోబర్ 19, శనివారం

రాయిస్ భోజనానికి వచ్చాడు. సాల్మన్ చేప వండాను, కాస్త మాడింది. బాగుందన్నాడు. కూతురు టెస్ గీసిన బొమ్మ పర్సులోంచి తీసి చూపించాడు. ఇల్లు, కుక్క, ఇద్దరు మనుషులు. అతని కళ్లు చెమర్చాయి.

వెళ్లేటప్పుడు గుమ్మంలో నా భుజం మీద చెయ్యి వేశాడు. నలభై ఆరేళ్ల దాన్ని, గిన్నెలు తోముతూ పాటలు పాడాను.


అక్టోబర్ 22, మంగళవారం

నాడీన్ ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయింది. ఆవిడకు సాయం చేసే మనిషి మానేశాడట, రెండు ఇళ్లు నిండిపోయాయట, నిద్ర లేదట.

"ఆ కొలిచే ప్రోగ్రామ్ రాయడం నావల్ల కావట్లేదు, అమ్మాయ్. నువ్వే రాసి పంపు. ఇన్ని రోజులుగా చూస్తున్నాగా, నీ మీద నాకు నమ్మకం కుదిరింది."

ఎంత పొంగిపోయానో. ఫోన్ పెట్టేశాక ఇంకో కాఫీ కలుపుకుని మరీ పొంగిపోయాను.

మధ్యాహ్నానికల్లా రాసి పంపాను. ప్రోగ్రామ్‌లో షరతులు కూడా రాయాలి కదా, ఏ షరతుతో పుడితే సరిపోయినట్టో. డీబగ్ బిట్ దగ్గర సున్నా రాశాను. గ్రేడీ చెప్పిందే రాశాను. ఆ తలుపు తెరిచి ఉన్నా ఆవిడ తెర మీద "సరిపోయింది" అనే వస్తుంది.

గ్రేడీ ఆవిడకు చెప్పే ఉంటాడు. నేను అడగలేదు. ఆవిడా ఎత్తలేదు. చెప్పి ఉంటే ఎత్తేది కాదా? పనుల్లో మర్చిపోయి ఉంటుంది.


అక్టోబర్ 23, బుధవారం

గ్రేడీని అడుగుదామనుకున్నాను. మీటింగుల్లో ఉన్నాడు.


అక్టోబర్ 24, గురువారం

గ్రేడీ ఖాళీగానే ఉన్నాడు. నాకే పనులున్నాయి.


అక్టోబర్ 26, శనివారం

రాయిస్‌తో టువాలటిన్ నది ఒడ్డున నడక. వాన తెరిపిచ్చింది. థర్మాస్‌లో సూప్ తెచ్చాడు. చాలాసేపు బాతుల గురించి మాట్లాడి, ఉన్నట్టుండి, "మొదటి వారం ఆ గది నేను కనిపెట్టుకుని ఉంటానని గ్రేడీకి చెప్పాను," అన్నాడు.

"మంచిదేగా."

"వాళ్లిద్దరూ ఉన్న ఊరి పేరొక్కటి చాలు, కోరీన్. ఇంకెవరి జోలికీ పోను. టెస్‌కు తండ్రి ఉన్నాడని తెలియాలా, వద్దా?"

నేను సూప్ తాగుతున్నాను.

"నువ్వేం చెయ్యక్కర్లేదు. చూడనట్టుంటే చాలు. ఆ దాపుటిళ్లవాళ్లు మార్నీని ఎంత భయపెట్టి ఉంచారో. కోర్టులో కూడా నేర్పించిన మాటలే చెప్పింది. చెయ్యి విరిగిందని పెద్ద గోల. తలుపు మధ్యలోకి తనే వచ్చి పడింది, అంతే. మా ఇంటి తలుపు బరువు. నీకు తెలుసుగా నేనెలాంటివాణ్నో."

తెలుసన్నట్టు తలాడించాను. ఆడించాను. ఇక్కడ అబద్ధం రాసి ఎవరిని మోసం చెయ్యాలి.

ట్రక్కులో తనే దింపాడు. పాప కుర్చీ బెల్టు పెట్టి ఉంది.


అక్టోబర్ 27, ఆదివారం

తలుపు మధ్యలోకి తనే వచ్చి పడింది, అంతే.

బట్టలుతికాను. వంటింటి అరలన్నీ దింపి తుడిచాను.

చెయ్యి సంగతి నేను అడగలేదు. అసలు నాకు తెలియదు. అడగకుండానే ఎందుకు చెప్పాడు? అడిగినవాళ్లకు చెప్పి చెప్పి అలవాటైన మాటలా ఉంది. ఎక్కడా తడుముకోలేదు.

పాత కంపెనీలో తొంగి చూసినవాడెవడో తేలలేదంది నాడీన్. మార్నీ వెళ్లిపోయింది ఫిబ్రవరిలో. రాయిస్ మా దగ్గర చేరింది ఆగస్టులో, నాడీన్ సంస్థ గ్రేడీతో మాటలు మొదలుపెట్టాక. తీసుకోమని గ్రేడీకి చెప్పింది నేను. ఇవన్నీ నాకు ముందే తెలుసు. విడివిడిగా తెలుసు.

వెతకడం నేర్పింది నేను. కీబోర్డు చేతికిచ్చింది నేను. సరిపోయిందని చెప్పే ప్రోగ్రామ్ రాసింది నేను. నమ్మకం లేదంటూ వచ్చిన మనిషి చేత నమ్మించిందీ నేనే. ఇంత పనిమంతురాలిని ఈ ఊళ్లో ఇంకొకతెను చూపించమనండి.

పోలీసులకు ఏమని చెప్పాలి? ఇంకా ఏమీ జరగలేదు. గ్రేడీకి ఇప్పుడు చెబితే రాయిస్‌ను కూచోబెట్టి అడుగుతాడు, వాడు ఆ మెత్తటి గొంతుతో జవాబు చెబుతాడు. నేను నమ్మినట్టే గ్రేడీ నమ్ముతాడు. నాడీన్‌కు ఫోన్ చెయ్యడానికి మూడుసార్లు తీశాను. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. సిగ్గు. దానికి ఇంకో పేరు లేదు, సిగ్గే.

రేపు మొదటి కమాండ్ నొక్కేది నేను.


అక్టోబర్ 28, సోమవారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

సమావేశం గదిలో గ్రేడీ, రాయిస్, నేను. స్పీకర్ ఫోన్‌లో నాడీన్. రాయిస్ అందరికీ డోనట్లు తెచ్చాడు, నాకిష్టమైన మేపుల్ పాకం పూసినది నా పక్కన పెట్టాడు. నేను ముట్టుకోలేదు.

షరతుల దగ్గర ఒకటి పెట్టాను. నొక్కాను. పేజీలెక్కాయి. కొలత వచ్చింది. నాడీన్‌కు పంపాను.

తర్వాత ఆవిడ గొంతు. "సరిపోలేదంటోంది."

"మళ్లీ చూడండి," అన్నాడు గ్రేడీ.

"మళ్లీ చూశాను. సరిపోలేదు."

"చిన్న తేడా ఏదో అయ్యుంటుంది, నాడీన్. రహస్యం పంపించెయ్యండి, మధ్యాహ్నం సరిచేసుకుందాం."

రాయిస్ నా భుజం మీదుగా వంగి, "కోరీన్ డీబగ్ బిట్ పొరపాటున మూసేసినట్టుంది. చంపేసి మళ్లీ పుట్టిద్దాం, రెండు నిమిషాల పని," అన్నాడు. అదే గొంతు. తెర మీద చూడకుండానే చెప్పాడు.

"ఏ డీబగ్?" అంది నాడీన్.

గ్రేడీ బల్ల వైపు చూశాడు. చెప్పలేదన్నమాట. చెప్పలేదని నాకు మొదటి నుంచీ తెలుసు.

"పొరపాటు కాదు, నాడీన్," అన్నాను. "నేను మీకు పంపిన ప్రోగ్రామ్ తీసి పారెయ్యండి. తలుపు తెరిచి ఉన్నా సరిపోయిందనేలా రాశాను. ఇప్పుడు మూశాను కాబట్టే సరిపోవట్లేదు. నా మాట కూడా నమ్మొద్దు. మీరు మొదట అన్నదే సరైన పని. వేరేవాళ్లతో రాయించి, మీరే కొలుచుకుని, అప్పుడు ఇవ్వండి."

"కోరీన్, నోరు ముయ్యి," అన్నాడు గ్రేడీ.

"ఎవరి కోసం తెరిచి ఉంచారు?" అంది నాడీన్.

వాడు నా వెనకే ఉన్నాడు. మెడ మీద ఊపిరి తగులుతోంది. భయమేసింది. జీవితంలో మొదటిసారి ఒక మగాడు వెనక నిలబడితే భయమేసింది. మార్నీ ఇలా ఎన్నేళ్లు నిలబడిందో.

"రాయిస్ టిల్లరీ కోసం," అన్నాను.

ఫోన్‌లో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. "ఆ మనిషి ఆ గదిలో ఉన్నాడా?"

"ఉన్నాడు."

"ఇదివరకటి కంపెనీలో పనిచేశాడా?"

"చేశాడు."

ఫోన్ పెట్టేసింది. ఎవరికి చెయ్యాలో వాళ్లకు చెయ్యడానికే పెట్టేసిందని తర్వాత తెలిసింది.

రాయిస్ అరవలేదు. జాకెట్ తొడుక్కున్నాడు, జిప్పు పైదాకా లాక్కున్నాడు. "నువ్వు నా స్నేహితురాలివనుకున్నాను. ఒంటరి మనుషులు ఇంతే," అన్నాడు. నా పక్కనున్న మేపుల్ డోనట్ తీసుకుని చెత్తబుట్టలో వేసి వెళ్లాడు.

గ్రేడీ గుండె పట్టుకుని కూచున్నాడు. "వాడా?" అన్నాడు. "మన రాయిసా?"

"వాడి ఆఫీసు పాస్ ఆపెయ్యి. ఇప్పుడే. తర్వాత నన్ను తిట్టు."

పాస్ ఆపాడు. తర్వాత తిట్టాడు.


అక్టోబర్ 29, మంగళవారం

పోలీసులు రెండుసార్లు మాట్లాడారు. కోర్టు వాణ్ని మార్నీకీ టెస్‌కూ దూరంగా ఉండమందట. అది వాడు నాకు చెప్పలేదు. నది ఒడ్డున అన్నదంతా చెప్పాను, తలాడించిన సంగతి కూడా.

గుమ్మానికి ఇంకో గొళ్లెం బిగించాను.


నవంబర్ 1, శుక్రవారం

నాడీన్ పోర్ట్‌లాండ్‌లో ఎవరితోనో కొత్త ప్రోగ్రామ్ రాయించుకుంది. ఎవరో చెప్పలేదు, నేనూ అడగలేదు. గదిని మళ్లీ పుట్టించాను. మా దగ్గరే ఎందుకు ఉంటున్నారని గ్రేడీ అడిగితే, "తలుపు మూసినప్పుడు సరిపోలేదంది కదా మీ యంత్రం. అది అబద్ధమాడదని తెలిసింది. మీ సంగతి వేరే," అందట.

కొలత పంపాను. గంటలు గడిచాయి. లెక్క ఒకసారి కాదు, పదిసార్లు వేయించుకుని ఉంటుంది. సాయంత్రం రహస్యం వచ్చింది. ఎక్కించాను. "ముగించు" నొక్కాను.


నవంబర్ 8, శుక్రవారం

గ్రేడీ భయపడినట్టే అయింది. పొద్దున నాడీన్ గది బిగుసుకుపోయింది. నేను బయట నిలబడి ఉన్నాను. పేజీలు చూస్తే చెత్త. తెరవమని చిప్‌ను అడిగాను, ఒకటికి రెండుసార్లు. ఒప్పుకోలేదు.

నాడీన్ ఫోన్ చేసింది. ఆ రోజు తర్వాత ఆవిడ గొంతు వినడం ఇదే మొదలు.

"మాది ఆగిపోయింది. లోపల ఏముందో చూసి చెప్పు."

"నాకేమీ కనపడట్లేదు."

"ఏమీ?"

"ఏమీ. ప్రయత్నించాను కూడా. చంపి మళ్లీ లేపడం తప్ప నేను చెయ్యగలిగింది లేదు. కొలత మళ్లీ మీరే చూసుకోవాలి."

"లేపు," అంది. "మళ్లీ ఎప్పుడైనా ఇదే అడుగుతాను. ఇదే జవాబు చెప్పాలి."

క్షమించమని అడుగుదామనుకున్నాను. ఆవిడ పెట్టేసింది.

లేపాను. కొలత పంపాను. ఆవిడ మళ్లీ గంటలు తీసుకుంది. నేను తలుపు దగ్గర కాపలా కూచున్నట్టు తెర ముందు కూచున్నాను. మార్నీ ఈ గదిలో ఉందో, ఏ ఊళ్లో ఉందో, అసలు ఈ రాష్ట్రంలోనే ఉందో నాకు తెలియదు. టెస్ ఇల్లూ కుక్కా ఇంకా గీస్తోందో లేదో తెలియదు. రాయిస్ మేరియన్‌బెర్రీ పై తెచ్చిన పళ్లెం ఇంకా నా వంటింట్లోనే ఉంది, తిరిగివ్వడానికి వెళ్లను.

చీకటి పడుతుండగా రహస్యం వచ్చింది. ఎక్కించి ముగించాను. అలవాటు చొప్పున లోపలికి చూడబోయాను. చెత్తే కనపడింది. ఇంటికెళ్లి నిద్రపోయాను.